ఇంగ్లీషు కాలమ్‌లో మన తప్పులు వెయ్యండి సార్, దొరల తప్పులు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో చదువు పేజీ అడుగున ఇంగ్లీషు కాలమ్ వస్తుంది కదండీ, దాని గురించే ఈ ఉత్తరం. తిట్టడానికి కాదు, నేను రోజూ చదివేవాణ్ణే, బాగున్నవి కట్ చేసి షాపు గోడకి అంటించేవాణ్ణే. నాది విశాఖపట్నం ద్వారకానగర్లో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, కాస్త అవతల పబ్లిక్ లైబ్రరీ. షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా చేతిలో ఇంగ్లీషు కాగితాలే, రిజ్యూమ్‌లు, కవరింగ్ లెటర్లు, బ్యాంకుకి రిక్వెస్టులు, అద్దె అగ్రిమెంట్లు, షిప్పులెక్కే కుర్రాళ్ళకి ఉండాల్సిన సీడీసీ అనే పుస్తకం తాలూకు కాగితాలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోటీసులు. నేను ఇంగ్లీషు మాస్టార్ని కాదు గానీ ఊళ్ళో జనం ఎక్కడ తడబడతారో మాస్టార్ల కంటే కొంచెం ఎక్కువే చూస్తుంటాను.

మొన్న మీరు తికమక పెట్టే పదాలు అని ఓ పెద్ద లిస్టు వేశారు. అందులో సగం ఇంగ్లండ్ వాళ్ళకీ అమెరికా వాళ్ళకీ వచ్చే తప్పులు. వాళ్ళు చిన్నప్పట్నుంచి చెవితో విని భాష నేర్చుకున్నవాళ్ళు, అందుకని ఒకేలా వినిపించే రెండు మాటల్ని రాసేటప్పుడు కలిపేస్తారు, ఇట్స్ లో ఆ పైన పెట్టే కామాలాంటి గుర్తు ఎప్పుడు పెట్టాలి ఎప్పుడు పెట్టకూడదు అన్నది అక్కడ పెద్ద గొడవ. మనం అలా కాదు కదా, పుస్తకంలో చూసి నేర్చుకున్నాం, స్పెల్లింగు బట్టీ పట్టాం, అందుకని మన తప్పులు ఇంకో దారిలో వస్తాయి, ఆ దారి తెలుగులోంచి వస్తుంది. ఈ సంగతి మీ కాలమ్‌లో ఎప్పుడూ రాలేదు.

ఉదాహరణకి లూజ్, లూస్. పోగొట్టుకోవడం లూజ్, దానికి ఒక ఓ చాలు. వదులుగా ఉండేది లూస్, దానికి రెండు ఓలు. మనకి వదులుగా ఉంటే ప్యాంటు కూడా లూజే, స్క్రూ కూడా లూజే, తెలుగులో ఆ మాట అలాగే స్థిరపడిపోయింది, దాంతో నమ్మకం పోగొట్టుకోవద్దు అని రాయాల్సినచోట రెండు ఓలు పడి నమ్మకాన్ని వదులు చెయ్యొద్దు అన్నట్టు తయారవుతుంది. అడ్వైస్, అడ్వైజ్ కూడా అంతే, సలహా ఒకటి, సలహా ఇవ్వడం ఇంకొకటి. ప్రైస్, ప్రైజ్ ఇంకో జత. అసలు ఇంగ్లీషు జెడ్ శబ్దానికి మన అక్షరమాలలో అక్షరం లేదు, జ తోనే సర్దుకుంటున్నాం, అందుకని ఈ జంటలన్నీ మన చెవికి కలిసిపోతాయి. ఇలా కారణం చెప్పి నేర్పితే పిల్లాడికి ఒక్కసారిలో పది జంటలు పట్టుబడతాయి. ఊరికే లిస్టు ఇస్తే సాయంత్రానికి మర్చిపోతాడు.

సిన్స్, ఫర్ సంగతి కూడా ఇదే. ఐదేళ్ళ నుంచి, జూన్ నుంచి, రెంటికీ మనకి "నుంచి" ఒక్కటే. ఇంగ్లీషులో ఎప్పుడు మొదలైందో చెప్తే సిన్స్, ఎంతకాలం అయిందో చెప్తే ఫర్. దానివల్ల ద్వారకానగర్లో టైపయ్యే ప్రతి రెండో రిజ్యూమ్‌లో సిన్స్ ఫైవ్ ఇయర్స్ కనిపిస్తుంది (ప్రతి రెండోది అంటే లెక్క పెట్టలేదు లెండి, విసుగొచ్చి అన్న మాట).

కానీ తెలుగు మనల్ని చెడగొడుతోంది అంటే మాత్రం నేను ఒప్పుకోను. చాలాచోట్ల తెలుగులో మనకి తేడా బాగా తెలుసు, ఇంగ్లీషులోకి దిగేసరికే ఒదిలేస్తాం. పదో తారీఖు లోపు కట్టండి, పదో తారీఖు వరకు కట్టించుకుంటాం, ఈ రెండూ ఒకటి కాదని మా వీధిలో ఇస్త్రీ బండి పెద్దాయనకి కూడా తెలుసు. లోపు అంటే బై, వరకు అంటే టిల్. నోటీసు ఇంగ్లీషులో వెయ్యాలనేసరికి ఎంత చదువుకున్నవాళ్ళైనా పే టిల్ టెన్త్ అని రాయిస్తారు, పదో తారీఖు దాకా కడుతూనే ఉండాలా ఏంటి? మన లోపు, వరకు ముందు నోట్లో అనుకుని అప్పుడు రాస్తే తప్పు పడదు.

ఇంతకంటే ఖరీదైనది వుయ్. మనకి మేము, మనం అని రెండున్నాయి, ఇంగ్లీషుకి ఒక్కటే. ఒక అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పాడైతే బిల్డరు ఫ్లాట్ల వాళ్ళకి లెటర్ పెట్టాడు, వుయ్ విల్ బేర్ ద కాస్ట్ అని. అబ్బో మంచోడు, ఖర్చు తనే పెట్టుకుంటున్నాడు అని అందరూ ఊరుకున్నారు, ఆయన ఉద్దేశం మాత్రం మనమందరం కలిసి భరిద్దాం అని. తర్వాత ఎంత గొడవ! గ్రామర్ ప్రకారం ఆ వాక్యంలో వంక పెట్టడానికి ఏమీ లేదు, ఏ స్పాటింగ్ ఎర్రర్స్ పుస్తకమూ దాన్ని పట్టుకోలేదు. డబ్బు, బాధ్యత, గడువు ఉన్నచోట వుయ్ అనే మాట తీసేసి ఎవరో పేరు పెట్టి రాయాలి, ద బిల్డర్ విల్ పే, ద ఓనర్స్ విల్ పే, అంతే.

అలాగే ఏ, ద. ఆర్టికల్స్ అంటే మా దగ్గరికొచ్చే పిల్లలకి ఒణుకు. రూల్సు, రూల్సుకి మినహాయింపులు, నదుల పేర్లకి ఉంటుంది సరస్సుల పేర్లకి ఉండదు, ఇవన్నీ పేజీలకి పేజీలు. ముందు మన కథ గుర్తు చెయ్యొచ్చు కదా, అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. మొదటిసారి చెప్పినప్పుడు ఒక రాజు, వినేవాడికి తెలిశాక ఆ రాజు. ఏ కింగ్, ద కింగ్. నదులూ సరస్సులూ తర్వాత చూసుకోవచ్చు, ఆఫీసు ఉత్తరాల్లో వచ్చే ఆర్టికల్స్‌కి చాలావరకు ఈ కథ సరిపోతుంది.

ఇంక కొన్ని మాటలు ప్రమాదకరమైనవి, అవి పెద్ద అక్షరాలతో వెయ్యాలి. మల్కాపురం, గాజువాక వైపు వెళ్తే పెట్రోలు ట్యాంకర్ల వెనక హైలీ ఇన్‌ఫ్లేమబుల్ అని రాసుంటుంది. ముందు ఇన్ ఉంది కదా, ఇన్‌కరెక్ట్, ఇన్‌కంప్లీట్ లాగా మండనిది అనుకునేవాళ్ళు ఉన్నారండి, నవ్వకండి, ఇంజినీరింగ్ చదివిన పిల్లాడే నన్ను అడిగాడు. ఇన్‌ఫ్లేమబుల్ అన్నా ఫ్లేమబుల్ అన్నా అంటుకునేదే. ఆ ఇన్ కాదు అనే ఇన్ కాదు, ఇన్‌ఫ్లేమ్ అనే మాటలోది, అంటే మంట పెట్టడం. ఈ తికమక వల్లే అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ వాళ్ళు 1920ల నుంచీ ఆ ఇన్ తీసేసి ఫ్లేమబుల్ అనే రాయమని ప్రచారం చేశారు. మండనిదానికి నాన్ ఫ్లేమబుల్. రిఫైనరీ, ఫార్మా, గ్యాస్ గోడౌన్లు అన్నీ పెట్టుకుని కూర్చున్న ఊరు మనది, స్టేషనరీలో ఏ ఉంటే కదలనిది, ఈ ఉంటే కాగితాలు పెన్నులు అని నేర్పే ముందు ఇది నేర్పాలి.

శాంక్షన్ ఇంకోటి. మనకి లోను శాంక్షన్ అయిందంటే స్వీట్లు పంచుకుంటాం. అదే మాట అంతర్జాతీయ వార్తల్లో ఒక దేశం మీద శాంక్షన్స్ అంటే ఆంక్షలు. అనుమతి ఇవ్వడం, ఆంక్ష పెట్టడం, ఎదురెదురు అర్థాలు ఒకే మాటకి. ఎగుమతుల పని చేసేవాళ్ళు విదేశీ పార్టీకి మెయిల్ రాసేటప్పుడు అప్రూవ్డ్ అని రాసుకుంటే ఏ గొడవా లేదు.

ఇదంతా మాటల సంగతి. అసలు రోగం మాటల్లో కంటే ఉత్తరం కట్టే పద్ధతిలో ఉంది.

మన రాష్ట్రంలో స్కూలుకెళ్ళిన ప్రతివాడూ మొట్టమొదట రాసిన ఇంగ్లీషు ఉత్తరం ఏంటండి? యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ అనేబుల్ టు అటెండ్ ద స్కూల్, కైండ్లీ గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్. అందరూ దాన్ని చూసి జోకులేస్తారు, నా లెక్కలో మాత్రం అది మంచి ఉత్తరం. ఏమైంది, ఏం కావాలి, ఎన్ని రోజులు, మూడూ ఉన్నాయి, చదివే మాస్టారికి అనుమానం లేదు. ఫర్ టూ డేస్ అని ఫర్ కూడా సరిగ్గా పడింది. డిగ్రీలు చదివాకే చెడిపోతాం. ఒక పెద్దాయన, రిటైరైన ఉద్యోగి, ఒక ఆఫీసుకి పెట్టడానికి చేత్తో రాసుకొచ్చిన ఉత్తరం ఇలా ఉంది, విత్ రిఫరెన్స్ టు ద సబ్జెక్ట్ సైటెడ్ అబౌవ్ ఐ బెగ్ టు బ్రింగ్ టు యువర్ కైండ్ నోటీస్ దట్ ద సేమ్ హాజ్ నాట్ బీన్ అటెండెడ్ టు ఇన్ స్పైట్ ఆఫ్ రిపీటెడ్ రిమైండర్స్, హెన్స్ యూ ఆర్ రిక్వెస్టెడ్ టు డూ ద నీడ్‌ఫుల్ ఎట్ ద ఎర్లియెస్ట్. గ్రామర్ తప్పు చూపించమంటే కష్టమే. కానీ ద సేమ్ అంటే ఏ సేమ్? నీడ్‌ఫుల్ అంటే ఏం చెయ్యాలి? ఎర్లియెస్ట్ అంటే ఎప్పటికి?

"ఏటి కావాలి బాబాయ్ మీకు" అని అడిగితే, "ఏటుందిరా, జూన్ నుంచి మీటరు తిరగట్లేదు, సగటు బిల్లు ఏసేస్తున్నారు, మీటరు మార్చి పాత బిల్లు సరిచెయ్యాల" అన్నారు. అరనిమిషం పట్టలేదు చెప్పడానికి. అదే ఇంగ్లీషులో పెట్టాను. అవర్ మీటర్ హాజ్ నాట్ వర్క్‌డ్ సిన్స్ జూన్. ప్లీజ్ రీప్లేస్ ఇట్ అండ్ కరెక్ట్ అవర్ బిల్స్ ఫ్రమ్ జూన్. కింద మీటరు నంబరు, ఇంటి నంబరు, ఫోను. ఆయనకి నచ్చలేదండి! మరీ చిన్నపిల్లాడి ఇంగ్లీషులా ఉంది, ఆఫీసరు మనకి చదువు లేదనుకుంటాడు అన్నారు. నేను ఇది చాలామంది దగ్గర చూశాను, అర్థమైతే పరువు తక్కువ, అర్థం కాకపోతే గౌరవం. ఆ భయం పోగొట్టడం గ్రామర్ పుస్తకాల వల్ల కాదు, పేపర్ల వల్ల అవుతుంది, అందుకే మీకు రాస్తున్నాను.

ఇప్పుడు కొత్తగా ఫోన్లో ఏఐతో రాయించుకొచ్చేవాళ్ళు మొదలయ్యారు. గ్రామర్ తళతళలాడుతుంది. ఐ హోప్ దిస్ లెటర్ ఫైండ్స్ యూ వెల్ అని మొదలై పేజీన్నర నడుస్తుంది, చివరికి చూస్తే ఫ్లాట్ నంబరే ఉండదు. ఏం కావాలో మనం సరిగ్గా చెప్పకపోతే అది మాత్రం ఏం చేస్తుంది పాపం.

మన ఊళ్ళోనే ఇంగ్లీషుని చాలా జాగ్రత్తగా, అర్థం అయ్యేలా వాడే చోటు ఒకటుంది, పోర్టు. ఇది నాకు షిప్పుల్లో పనిచేసే కస్టమర్ల వల్ల తెలిసింది. మన హార్బర్లోకి వచ్చే ఓడలో కెప్టెన్ ఒక దేశం, సిబ్బంది ఇంకో నాలుగు దేశాలు, హార్బర్లోకి దారి చూపడానికి ఎక్కించుకున్న పైలట్ మనవాడు, అందరికీ ఇంగ్లీషు పరాయి భాషే. అందుకని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంఓ 2001లో ఎస్ఎంసీపీ అని ప్రామాణిక వాక్యాల సెట్టు ఒకటి ఆమోదించింది, ఓడ నడిపే డ్యూటీలో ఉండే ఆఫీసర్లు అది నేర్చుకోవాల్సిందే. అందులో మే, మైట్, షుడ్, కుడ్, కెన్ లాంటి మాటలు వాడొద్దంటారు! మే ఐ ఎంటర్ అంటే లోపలికి రావచ్చా అని అడుగుతున్నాడో, రావచ్చేమో అని చెప్తున్నాడో వైర్‌లెస్‌లో తెలీదు కాబట్టి, ముందు క్వశ్చన్ అని చెప్పి, డూ ఐ హావ్ పర్మిషన్ టు ఎంటర్ అని అడగాలి. హెచ్చరిక అయితే వార్నింగ్ అని ముందు చెప్పాలి, సమాచారమైతే ఇన్ఫర్మేషన్ అని. నూటయాభైని వన్ ఫైవ్ జీరో అని అంకెలు విడివిడిగా చదవాలి, ఫిఫ్టీన్, ఫిఫ్టీ చెవిలో కలిసిపోతాయి కదా. మన కోచింగుల్లో మే, మైట్, కుడ్ తేడాల మీద ఓ వారం క్లాసు నడుస్తుంది, అక్కడేమో ప్రాణాలు ముఖ్యం కాబట్టి అసలు ఆ మాటలే పక్కన పెట్టేశారు.

గాల్లో కూడా ఇంతే. 1977 మార్చి 27న స్పెయిన్ వాళ్ళ కెనరీ దీవుల్లో టెనెరిఫ్ ఎయిర్‌పోర్టులో పొగమంచులో రెండు జంబో విమానాలు రన్‌వే మీద గుద్దుకుని 583 మంది పోయారు. ఒక విమానం నుంచి వుయ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్ అన్నారు, వాళ్ళు అప్పటికే పరిగెడుతున్నారు, టవర్ వాళ్ళు మాత్రం టేకాఫ్ చోట ఆగి ఉన్నారు అనుకున్నారు. కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, ఈ మాట వాటిలో ఒకటి. అన్నది డచ్ వాళ్ళు, తమ భాష వాక్యం పోలిక ఇంగ్లీషులోకి దిగిపోయిందని కొందరు భాషావేత్తలు చెప్తారు, అంటే మన సిన్స్ ఫైవ్ ఇయర్స్ లాంటిదే. ఆ తర్వాత టేకాఫ్ అనే మాట అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదని, మిగతా అన్నిచోట్లా డిపార్చర్ అనాలని పద్ధతి మార్చారు.

అయితే గ్రామర్ అక్కర్లేదు అంటున్నాననుకోకండి. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో ఒక్క కామా లేనందుకు డెయిరీ కంపెనీ ఒకటి లారీ డ్రైవర్లకి 50 లక్షల డాలర్లు ఇచ్చి రాజీ పడింది, 2018లో. ఓవర్‌టైం ఇవ్వక్కర్లేని పనుల లిస్టు చట్టంలో ఉంది, దాని చివర ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్ అని ఉంది, ఆర్ ముందు కామా లేదు. దాంతో అది పంపిణీ కోసం చేసే ప్యాకింగా, లేక ప్యాకింగ్ వేరు పంపిణీ వేరా అన్నది తేలలేదు, డ్రైవర్లు మేం పంపిణీ చేస్తాం, ప్యాకింగ్ చెయ్యం, కాబట్టి మాకు ఓవర్‌టైం రావాలన్నారు, అప్పీలు కోర్టు 2017లో వాళ్ళ వైపే మొగ్గింది. కామా కూడా ఇలా డబ్బుతో చెప్తే పిల్లలకి తలకెక్కుతుంది.

ఇండియన్ ఇంగ్లీషుని వెక్కిరించే లిస్టులు కూడా కాస్త తగ్గించండి సార్. ప్రీపోన్ తప్పు తప్పు అని ఎన్నాళ్ళు వేస్తారు, అది ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోనే ఉంది, మంచి మాట, పోస్ట్‌పోన్‌కి ఎదురు మాట ఇంకోటి అంత పొట్టిగా లేదు. కజిన్ బ్రదర్ అన్నా ఇక్కడ ఎవరికీ నష్టం లేదు. ఉత్తరం ఎవరి చేతికి వెళ్తుందో అదే చూసుకోవాలి. ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019 అని హైదరాబాద్ కంపెనీకి రాస్తే ఏం కాదు, కెనడా కంపెనీకి రాస్తే మూర్ఛపోయాడనుకుంటారు, అక్కడికి గ్రాడ్యుయేటెడ్ అని రాయాలి.

తెలుగు నోటీసులు ఏమైనా బాగుంటాయా అంటే అవీ అంతే, ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, చర్యలు తీసుకొనబడును, ఇవి చూస్తే నోటీసు ముందు ఇంగ్లీషులో పుట్టి తర్వాత తెలుగులోకి వచ్చిందని తెలిసిపోతుంది. ఇక్కడ ఒకటి గుర్తొస్తుంది. 1907 ప్రాంతంలో యేట్స్ అని ఒక ఇంగ్లీషాయన ఇటువైపు జిల్లాల స్కూళ్ళకి ఇన్‌స్పెక్టరుగా వచ్చి, జనం మాట్లాడే తెలుగు ఒకటి పుస్తకాల్లో తెలుగు ఇంకొకటి ఎందుకుంది అని అడిగాడు, ఆ ప్రశ్న మన ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు, విజయనగరంలో గురజాడ వారు అందుకున్నారు, వ్యావహారిక భాషా ఉద్యమం అలా రాజుకుంది. అర్థమయ్యేలా రాయాలని అంత పోరాడిన ప్రాంతం మనది. ఇంగ్లండ్‌లో ఈ గొడవ 1979లో లేచింది, క్రిస్సీ మేహర్ అనే ఆవిడ పార్లమెంటు ఎదురుగా సర్కారు ఫారాలు ముక్కలుగా చించి ప్లెయిన్ ఇంగ్లీష్ ఉద్యమం మొదలెట్టింది. అమెరికాలో 2010లో దీనికి చట్టమే చేశారు.

సరే, నేను అడిగేది చిన్నది. ఆ కాలమ్ వారంలో మూడు రోజులు ఇప్పుడున్నట్టే ఉంచండి, సినానిమ్స్ కావాలనే పిల్లలూ ఉన్నారు, పరీక్షలకి పనికొస్తాయి. మిగతా రోజులు ఒక నిజమైన కాగితం వెయ్యండి, అపార్ట్‌మెంట్ నోటీసు, లోను లెటరు, రిజ్యూమ్‌లో ఓ పేరా, ఏదైనా. పైన ఉన్నది ఉన్నట్టు, కింద తేటగా రాసింది, పక్కన తప్పు తెలుగులోంచి ఎలా వచ్చిందో రెండు ముక్కలు. రాసేది ఇంగ్లీషు ప్రొఫెసరే అవ్వక్కర్లేదు, పోర్టులో ఓడలతో మాట్లాడేవాళ్ళని ఒకసారి అడగండి, కోర్టు దగ్గర డాక్యుమెంట్ రైటర్లని అడగండి. కాగితాలకి కొరత లేదు, మా షాపు కస్టమర్లని అడిగి, వాళ్ళు సరే అన్నవి పేర్లూ నంబర్లూ కొట్టేసి నేనే మీ విశాఖ ఆఫీసుకి తెచ్చి ఇస్తాను. ఆదివారం తప్ప ఏ రోజైనా మధ్యాహ్నం నాకు కాస్త ఖాళీగానే ఉంటుంది.

ఇట్లు
మీ పాఠకుడు,
డీటీపీ షాపు, ద్వారకానగర్, విశాఖపట్నం